పగడాల మీద నా తొందర

రేపల్లె, ఆదివారం రాత్రి

ఒళ్ళంతా అలసట. పొద్దున ఆరాధనకు వెళ్లే తొందరలో ఇంట్లో పెంచుకుంటున్న సముద్రపు పగడాల తొట్టి నీళ్లు పరీక్షించాను. క్షారత తగ్గింది. దాన్ని పెంచడానికి నాలుగు రోజులపాటు కొంచెం కొంచెంగా కలపవలసిన పొడినంతా ఒక్కసారే కలిపేసి బయలుదేరాను. చెరుకుపల్లిలో వాక్యం చెప్పి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పగడాలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి.

మా ఆవిడ మరియ చూసి, “ఏంటండీ, సంఘాన్ని గద్దించినట్టు వీటినీ గద్దించారా? ఒక్క పూటలో మారుమనస్సు పొందాలా?” అంది. నవ్వలేకపోయాను.

నీళ్లు మార్చేద్దామని బకెట్ ఎత్తాను. ఎందుకైనా మంచిదని తొట్టి అమ్మిన తెనాలి తమ్ముడికి ఫోన్ చేశాను.

“అయ్యగారూ, దండం పెడతా, ఇంక చెయ్యి పెట్టకండి! మళ్లీ మారిస్తే అవి తట్టుకోలేవండి. ఎక్కువైన క్షారత దానంతటదే దిగుద్ది.”

నీళ్లకోసం బండతో మాట్లాడమని దేవుడంటే మోషే కోపంతో కర్రెత్తి కొట్టాడు. ఆ భాగం మీద ఎన్నిసార్లు గొంతు చించుకున్నానో!

ఐదేళ్లుగా పెంచిన ఆకుపచ్చ పగడం తెల్లబడి చచ్చిపోతుందేమో... రేపు నేను చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడమే. దానికోసం ఎలా ప్రార్థించాలో నాకు తెలియదు.

బకెట్ మాత్రం మరియ ఎక్కడో దాచేసింది.