నాలుగో నట్టు

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ముచ్చట నీకు కాక ఇంకెవరికి చెప్పాలి?

మన బావి మీది ఆయిలింజను మూత సందులోంచి పొగ వస్తోందని ఆదోని మిల్లు మేస్త్రీ ఖాసిం మామను పిలిచాను. ఆయన ఒక కొత్తరకం స్పానర్ తెచ్చాడు. దాని కాడ మీద అంకెల పలక, ఒక ముల్లు ఉన్నాయి. నట్టును ఎంత బలంతో తిప్పుతున్నామో ఆ ముల్లు చూపిస్తుందట.

నాకు నమ్మకం కుదరలేదు. స్పానర్‌ను అడ్డంగా బిగించి, కాడ చివర ఒక రాయి వేలాడదీశాను. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ ముల్లు ఒకే గీత మీద నిలిచింది.

"రాయి చెప్తే నమ్మితివి కదప్పా, ఇంగ మీ యన్న చెయ్యి చూస్తామా?" అన్నాడు మామ.

మూత మీది నాలుగు నట్లూ చివరిసారి నువ్వు బిగించినవే. నువ్వు బిగించిన వరుసలోనే ఒక్కొక్కటే విప్పుతూ, కదిలినప్పుడు ముల్లు ఎక్కడుందో చూశాం. మొదటి మూడూ ఒకే గీత! ముల్లు లేని మామూలు స్పానర్‌తో ఎట్లా చేశావో ఇప్పటికీ అర్థం కాలేదు.

"మీ యన్న చేతిలోనే ముల్లుండాదప్పా."

నాలుగోది సగం బలానికే కదిలింది. ముల్లు తప్పు చూపిందేమోనని రాయి మళ్లీ వేలాడదీశాను. తప్పు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు పోయే ముందు, ఆ నట్లు బిగించిన రోజున, మూడోది అయ్యాక నువ్వు గట్టు మీద కూలబడి, "ఎండ శానా ఉండాది రా" అన్నావు. మబ్బు పట్టిన రోజది. కాసేపటికి లేచి నాలుగోది కూడా నువ్వే బిగించావు.

పక్కనే ఉన్నాను కదా, స్పానర్ నా చేతికి ఎందుకివ్వలేదన్నా?