బాపు తెచ్చిన సీసా

మహబూబాబాద్, శ్రావణ శుక్రవారం

బాపుకు రోజూ ఇన్సులిన్ సూది వేసేది నేనే. ఎక్కడ మోతాదు పెంచుతారోనన్న భయంతో ఆయన మా అమ్మను బతిమాలి, తన మూత్రానికి బదులు ఆమెది సీసాలో దవాఖానకు తెచ్చాడట. ఆ సంగతి నాకు తెలియదు. మందు కలిపి కాస్తే అది ఇటుక రంగుకు తిరిగింది.

"షుగర్ బాగ ఎక్కువుంది. సూది పెంచాలె," అన్నాడు డాక్టర్.

"అది నాది కాదు సారూ, మా ఆడామెది!" అని బాపు అరిచాడు. వరసలో ఉన్నవాళ్లంతా పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ, "నీకు బంద్ చేసిన చక్కర గూడ నా చాయ్‌లనే ఏసుకున్న గదా!" అంది.

రేపు అమ్మకు కూడా పరీక్ష చేయించాలి. సూదంటేనే వణికే బాపు ఇందాక మెల్లగా అడిగాడు: "సూది ఎట్ల ఏస్తరో నాగ్గూడ జర నేర్పు బిడ్డా. మీ అమ్మకు నేనే ఏస్త."