రాజయ్య దుకాణం, మా అరుగు

జూన్ 3
మున్సిపాలిటీ వాళ్లు గల్లీ మొదట్లో గోడ మీద ఎర్ర గీత గీసి పోయారు. రోడ్డు వెడల్పు చేస్తారట. గీతకు ఇవతల ఉన్నదంతా పోతుంది. ఇవతల ఉన్నది రాజయ్య చెప్పుల దుకాణం - నాలుగు రేకులు, ఒక గోనెపట్టా. "ఏడికి పోతవు తాతా?" అన్నాను. "పోయేదేముంది బిడ్డా, జర పక్కకు జరుగుత." ఎక్కడికి జరుగుతాడు? పక్కన మురికి కాల్వ.

జూన్ 4
మనసు ఊరుకోవడం లేదు. కాలం చేసిన మా మామయ్య అప్పట్లో మరమగ్గాల పనికి సూరత్ వస్తూ ఊరి నుంచి రాజయ్యను వెంట తెచ్చాడు. అప్పటి మగ్గాలకు తోలు పట్టీలు, తెగితే కుట్టే మనిషి కావాలి. కొత్త మగ్గాలొచ్చాయి, తోలు పని పోయింది. గల్లీ మొదట్లో చెప్పులు కుట్టడానికి కూర్చున్నాడు.
పెళ్లయి నేను వచ్చిన కొత్తలో గడప దాటితే అన్నీ హిందీ, గుజరాతీ మాటలే. తెగిన చెప్పు పట్టుకుని నిలబడితే "ఏ ఊరు బిడ్డా?" అన్నాడు. అక్కడే కూర్చుని ఏడ్చాను. నా ఏడుపు అయ్యేదాకా, పాపం, మెల్లగా కుట్టాడు.

జూన్ 6
మా అరుగు ఖాళీయే కదా! మా ఆయనతో అన్నాను. సచిన్ ఏరియాలో మిల్లు డ్యూటీకి బండి తీస్తూ "అమ్మనడుగు" అని జారుకున్నారు. మహా ధైర్యవంతుడు.

జూన్ 7
అడిగాను. అత్తమ్మ బియ్యం చెరుగుతూ, "మనం బట్ట నేసే శాలోళ్లం. చెప్పులు కుట్టెటాయనను అరుగెక్కిస్తే నలుగురు ఏమంటరు?"
"నీ చెప్పులు గూడ ఆయన కుట్టినవే గదత్తమ్మా."
"చెప్పులు బయటనే ఉంటయి గదా."
ఒళ్లు మండింది. నాకు జ్వరమొస్తే నా మంచం పక్కనుంచి కదలని మనిషి ఈవిడ. అందుకే ఇంకా మండింది.

జూన్ 8
అత్తమ్మ తన చాయ్ తనే పెట్టుకుని తాగింది. నేనూ.

జూన్ 10
రేకులు పీకేశారు. పైనుంచి వాన. రాజయ్య సామాను సంచి చంకలో పెట్టుకుని, ఎవరిదో మూసిన షట్టర్ ముందు నిలబడ్డాడు. అత్తమ్మ కిటికీలోంచి చాలాసేపు చూసింది. "మీ మామ ఉంటే నన్ను తిట్టెటోడు" అంది. కిటికీ రెక్క వేసి, "రమ్మను." గొడుగు కూడా తీసుకోకుండా ఉరికాను.

జూన్ 11
పొద్దున్నే వచ్చాడు. సుత్తి, తోలు కుట్టే ఆరె, ఇనుప దిమ్మ అరుగు మీద పెట్టాడు. తను మాత్రం కింద, రోడ్డు మీదే పట్టా పరుచుకున్నాడు.
"పైకి రా తాతా."
"గిది చాలు బిడ్డా. అమ్మ ఏమన్న అనుకుంటది."
లోపల అత్తమ్మ వింది. "పైన కూసోమను" అంది నాతో, మెల్లగా.
"నువ్వే చెప్పత్తమ్మా."
తలుపు దాకా వచ్చింది. ఆయన తలెత్తలేదు.
ఇప్పుడు మధ్యాహ్నం. ఎండ ఆయన వీపు మీదికి వచ్చింది. పైకి రమ్మనే మాట నోట్లోనే పెట్టుకుని అత్తమ్మ ఇంకా తలుపు దగ్గరే ఉంది...