చెరువులో వేపుడు

ఒరేయ్ భానూ,
ఏలూరులో నేనూ నీ కూతురు లహరీ కులాసా. అనువాదం చదువు కూడు పెడుతుందా అన్నావుగా, విను. లహరి ట్రైనింగు చేస్తున్న చేపల మేత కంపెనీలో, రైతులకిచ్చే ఇంగ్లీషు కాగితాన్ని కంప్యూటరు తెలుగు చేసి "చెరువులో వేపుడు వదలండి" అంది! అచ్చయితే కొల్లేటి కొంగలు కూడా నవ్వేవి. చేపల వ్యవహారంలో ఫ్రై అంటే చేపపిల్లలని మన పిల్లే పట్టుకుంది. మేనేజరు "చదువవగానే ఇక్కడే చేరిపోండమ్మా" అన్నాడు. ఇక చదువు మానిపిస్తానని నోరెత్తకు. మీ అమ్మ మోకాలెలా ఉంది? నా కళ్ళజోడు బస్సుకిచ్చి పంపు. ఆ కాగితం మన గణపవరం మేత కొట్లకీ వస్తుంది. అడుగున అనువాదం చేసినవాళ్ళుగా లహరి పేరుంటుంది, మీ అమ్మకి వేలు పెట్టి చూపించు. అందరికీ నా దీవెనలు.
మీ నాన్న,
వెంకట్రాజు