గురువారం ఎండగట్టబడును

నల్లరేగడి మిర్చి రైతుల సంఘం,
వినుకొండ, 16 ఫిబ్రవరి 2026.

తుమ్మలదిబ్బ వాస్తవ్యులు, సంఘ సభ్యులు యలమంద గారికి నమస్కారములు.

మార్చి 5, గురువారం ఉదయం పది గంటలకు మేము మీ ఊరి కల్లాల దగ్గరకు వస్తున్నాము. మీ దగ్గర ఉన్నది ఊరందరి ముందూ ఎండగట్టబడును. పైకి కనపడకుండా లోపల ఎంత దాగి ఉందో మా వెంట తెచ్చే యంత్రం చెప్పేస్తుంది. దయచేసి ఏదీ దాచకుండా సిద్ధంగా ఉండగలరు.

ఇట్లు,
వేదశ్రీ, నాణ్యతా అధికారి.

తా.క. కార్యక్రమం మొత్తం వీడియో తీయబడును.


తుమ్మలదిబ్బ, 19 ఫిబ్రవరి.

మేడం గారికి యలమంద నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. అప్పుడు భోజనానికి కూర్చుని ఉన్నాను. చదివి కంచం పక్కకు నెట్టేశాను. ఫోన్ చేద్దామంటే మా ఆవిడ వెంకటరావమ్మ వద్దంది. ఫోన్లో మాట్లాడితే రికార్డవుతుందట. ఉత్తరమైతే అది నా రాత కాదని చెప్పొచ్చట.

నాకు యాభై ఎనిమిదేళ్లు. ఇంతవరకు నన్ను పదిమందిలో ఎవరూ ఎండగట్టలేదు. మీకు ఎవరు చెప్పారో తెలియదు గానీ, చెప్పింది నిజమే. పోయినేడు మిరపకాయ బస్తాలకు ఎత్తేముందు నీళ్లు చల్లాను. ఎండుకాయ విరిగిపోకుండా అందరూ చల్లుతారు. నేను విరక్కుండా రెండు చెంబులు, తూకం కోసం ఇంకో రెండు చెంబులు చల్లాను. ఆ రెండో రెండు తప్పే. ఇకమీదట చెంబు కల్లం వైపుకే తీసుకుపోను. ఈ ఒక్కసారికి ఊరి ముందు వద్దండి.

ఇట్లు,
మీ విధేయుడు యలమంద.

తా.క. వీడియో అసలు వద్దండి. మా అమ్మాయి తేజశ్రీ అత్తగారు అద్దంకిలో కూర్చుని ఫోన్లో వచ్చేవన్నీ చూస్తుంది. మనవాళ్లు కనపడితే రెండుసార్లు చూస్తుంది.


వినుకొండ, 23 ఫిబ్రవరి.

గౌరవనీయులైన యలమంద గారికి,

మీరే ముందుకు వచ్చి నీళ్ల సంగతి చెప్పినందుకు మాకు చాలా సంతోషం కలిగింది. మాకు కావలసింది మీలాంటివారే. ఆ నీళ్ల సంగతి మేనేజరు లక్ష్మీనరసింహం గారికి ఫోన్లో చెప్పాను. మూడేళ్ల కిందట మన సంఘం ఉత్తమ రైతుగా సన్మానించింది మిమ్మల్నే కాబట్టి, మీతోనే మొదలుపెట్టమని ఆయన అన్నారు. అందుకే మొట్టమొదట మిమ్మల్నే ఎండగడతాము. పెద్దవారి నుంచి మొదలుపెడితే మిగతావారు భయం లేకుండా ముందుకు వస్తారు. వీడియో మాత్రం తప్పదు. మిమ్మల్ని చూసి మిగతా ఊళ్లవాళ్లు కూడా నేర్చుకోవాలి.

ఇట్లు,
వేదశ్రీ.

తా.క. మీ పక్క కల్లం బుడాన్ గారిని తప్పకుండా అక్కడే ఉండమనండి. ఆయన కాయ, మీ కాయ పక్కపక్కన పెట్టి చూపిస్తే తేడా అందరికీ తెలుస్తుంది.


తుమ్మలదిబ్బ, 26 ఫిబ్రవరి.

మేడం గారికి,

బుడాన్ పేరు చూశాక మీకు అంతా తెలుసని అర్థమైంది. ఇక దాచి లాభం లేదు.

మూడేళ్ల కిందట కాయ కల్లంలో ఉండగా వాన పడింది. తేజశ్రీ కాన్పుకని నేను అద్దంకిలో ఉన్నాను. వచ్చి చూస్తే నా కాయంతా తడిసి తెల్లబారింది. బుడాన్ కల్లంలో కాయ మాత్రం కుంకుమలా ఉంది. సంఘం పెట్టిన ఉత్తమ రైతు పోటీకి కాయ పట్టుకెళ్లాల్సింది మర్నాడే. బుడాన్ శుక్రవారం నమాజుకు వెళ్లిన సమయం చూసి, అతని రాశిలోంచి ఒక సంచి ఎత్తుకున్నాను. ఆ కాయకే మీవాళ్లు నాకు సన్మానం చేశారు. ఆ రోజు బుడాన్ వెనక వరసలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. మూడేళ్లుగా ఆ చప్పట్లు నా చెవిలో మోగుతూనే ఉన్నాయి.

మా చేలు రెండూ ఆనుకుని ఉంటాయి. చిన్నప్పటి నుంచి ఒకే గట్టు మీద అన్నం తిన్నవాళ్లం. నన్ను సంఘంలోంచి తీసేయండి, ఏ కాగితం మీదైనా సంతకం పెడతాను. బుడాన్ ముందు మాత్రం ఎండగట్టకండి. గేటు చప్పుడైతే మీరేనేమోనని పెరట్లోకి పోతున్నాను. వెంకటరావమ్మ బట్టలు సర్దింది. గురువారం దాటేదాకా కొత్తపట్నంలో చుట్టాలింట్లో ఉందామంటోంది.

ఇట్లు,
యలమంద.

తా.క. సన్మానం శాలువా పార్శిల్లో పంపుతున్నాను. ఒక మూల ఎలుక కొట్టింది. ఆ ఒక్కటీ నా తప్పు కాదు.


వినుకొండ, 2 మార్చి.

యలమంద గారికి,

దయచేసి ఎక్కడికీ వెళ్లకండి.

నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చు గానీ ఆఫీసు ఉత్తరం రాయాలంటే నిఘంటువు చూసుకుంటాను. అందులో ఎండగట్టు అంటే తడి లేకుండా చేయు అని ఉంది. కింద ఇంకో అర్థం కూడా ఉంది. నేను అక్కడిదాకా చదవలేదు. మీ ఉత్తరం చూసి భయపడి, మా అటెండర్ దానయ్య గారిని ఆ ఒక్క మాటకు అర్థం అడిగాను. ఆయన ఒకరి తప్పులు పదిమందిలో బయటపెట్టడమని చెప్పి, నేనెవరికి అలా రాశానో అడిగారు. చెప్పలేదు.

మేము తెచ్చేది మిరపకాయలు ఎండబెట్టే యంత్రం. దానికున్న మీటరు కాయలో దాగిన తేమను మాత్రమే చెబుతుంది. మీ కాయ తడిది, బుడాన్ గారిది పొడిది, అందుకే పక్కపక్కన పెడదామన్నాను. మీ రెండో ఉత్తరం నేను తప్ప ఎవరూ చూడలేదు. చింపేయమంటే చింపేస్తాను. శాలువా మాత్రం అందరి ముందే విప్పాను. చలికాలానికి మీరు నాకు పంపారని అబద్ధం చెప్పాను.

నన్ను క్షమించండి. ఇదే మాటతో మీ ఊళ్లో నలభై మందికి ఉత్తరాలు వెళ్లాయి. గురువారం లోపే సవరణ పంపుతాను.

ఇట్లు,
వేదశ్రీ.

తా.క. దానయ్య గారు నేర్పారు: బట్టలు ఆరేస్తారు, తల ఆరబెట్టుకుంటారు, వడియాలు ఎండబెడతారు. పుండు ఆరితే సంతోషించాలట, దీపం ఆరిందని మాత్రం ఎవరింట్లోనూ అనకూడదట. ఇకమీదట ఏ ఉత్తరమైనా ఆయనకు వినిపించాకే పోస్టు చేస్తాను.


తుమ్మలదిబ్బ, 3 మార్చి.

వేదశ్రీ అమ్మాయికి యలమంద ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం ఈ మధ్యాహ్నం అందింది. ఒక్కరోజు ఆలస్యమైంది తల్లీ. భయం పట్టలేక నిన్ననే బుడాన్ ఇంటికి వెళ్లి, మీ నోట వినేకంటే నా నోట వింటాడని మొత్తం చెప్పేశాను.

బుడాన్ అంతా విని భార్య జానీబీ వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుంది. లేచి చెయ్యి చేసుకుంటాడేమోనని నేను గుమ్మం వైపు జరిగాను.

"ఆ కాయ నాది కాదురా. నీదే" అన్నాడు.

వాన వచ్చిన రోజు అతని దగ్గర ఒక్కటే పరదా ఉందట. నా రాశి దగ్గరగా ఉందని ముందు దాన్ని కప్పాడట. రెండో పరదా తెచ్చేలోపు అతనిది తడిసిపోయింది. నేను ఊళ్లో లేనుగా, తెల్లారేసరికి భార్యాభర్తలిద్దరూ రాశులు మార్చేశారు. నేను దొంగతనం చేసింది నా కాయనే.

"సన్మానం రోజు స్టేజీ మీంచి నా వంకే చూస్తంటే నీకు తెలిసిపోయిందనుకున్నా. వణుకు కనపడకుండా చప్పట్లు కొట్టా" అన్నాడు బుడాన్. మీ ఉత్తరం అతనికీ వచ్చింది. అతనూ నాలాగే చదువుకున్నాడు.

ఎవరి మీద ఎవరు కోప్పడాలో మాకిద్దరికీ తెలియలేదు. జానీబీ రెండు పళ్లేలు తెచ్చి, ముందు తినండి, పోట్లాట తర్వాత అంది. తిన్నాక పోట్లాట గుర్తుకు రాలేదు. గురువారం ఇద్దరం కల్లంలోనే ఉంటాం. నీ యంత్రం తీసుకుని ధైర్యంగా రా.

ఇట్లు,
యలమంద.

తా.క. ఆ సవరణ ఉత్తరాలు ఇంకో వారం ఆపగలవా? నిన్న ఎలీసమ్మ తప్పిపోయిన మేక తనంతట తానే ఇంటికొచ్చింది. ఇవాళ పొద్దున కోటేష్ గట్టు రాళ్లు వెనక్కి జరుపుకుంటూ కనిపించాడు. సర్పంచి గారు మాత్రం తిరుపతి వెళ్లారు. గురువారం దాటాక వస్తారట.