బేస్ ఒక్కటే వినిపిస్తోంది

బొంబాయి,
12 జులై 1986

ప్రియమైన కొమురెల్లీ,

పార్సిల్ చూసి బట్టలనుకుంటావేమో, క్యాసెట్లు. నేను పనిచేసే దుకాణం రేవు దగ్గరే అని చెప్పాను కదా. ఓడల్లో పనిచేసేవాళ్లు దిగగానే మా దగ్గరికొచ్చి, తమ దేశపు పాటలిచ్చి మన సినిమా పాటలు పట్టుకుపోతారు. ఇవి అలా వచ్చినవే. జమైకా అనే దీవిలో పుట్టిన సంగీతం, రెగ్గే అంటారు. ఈ ఏడు కొత్తగా వచ్చినవాటిలో వినదగ్గ మూడింటిని నీకోసం నకలు తీశాను.

ముందు పచ్చ అట్టది విను. నలుగురు అన్నదమ్ములు పాడారు. మనం దెబ్బ పడుతుందనుకున్న చోట వీళ్లు ఖాళీ వదిలేస్తారు. ఆ ఖాళీ పక్కనే చిన్న గిటారు 'చిక్' అంటుంది. అడుగున బేస్ గిటారు బరువుగా నడుస్తూ ఉంటుంది. మీ నాయన ఒగ్గుకథ చెబుతూ చెబుతూ డోలు ఠక్కున ఆపి జనం చేత ఊపిరి బిగబట్టించేవాడు చూడు, అచ్చం అలా. రెండోది చెరకు తోటల కూలీల పాటలు. మూడోది మామూలుదే గానీ రెండో వైపు చివరి పాట వదలకు.

గోదావరిఖనిలో మా అబ్బా రేడియో దుకాణం బల్ల కింద దూరి మనిద్దరం పాటలు వినేవాళ్లం. ఇక్కడ నా పక్కన కూర్చుని వినేవాడు లేడు. ఎలా ఉన్నాయో రాయి. మీ ఇంట్లో సారలమ్మ చెల్లెకు నా సలాం.

నీ దోస్తు,
రహమతుల్లా


గోదావరిఖని,
3 సెప్టెంబరు 1986

ప్రియమైన రహమత్,

మొదటి షిఫ్టు దిగొచ్చి, స్నానమన్నా చెయ్యకుండా పచ్చ క్యాసెట్ పెట్టాను. సారలమ్మ వంటింట్లోంచి వచ్చి, "టేపు చుట్టుకపోయిందా ఏంది, గిట్ల ఆగాగి వస్తున్నది?" అంది. మూడో పాటకు ఆమె పాదం కూడా కదిలింది. అడిగితే ఒప్పుకోదు.

నర్సింగం గురించి నీకు రాయలేదు. బొగ్గు బాయిలో నా జతగాడు. రామగిరి పిల్లవాడు, పెళ్లి కాలేదు, తల్లితో పక్క క్వార్టర్‌లో ఉంటాడు. పాట వినపడగానే గోడ దూకి వచ్చి చిందులేశాడు. వాళ్లమ్మ లస్మవ్వ గడపలో నిలబడి కాసేపు విని, "ఏ దేశపోళ్లు కొడుకా వీళ్లు? మనోళ్ల లెక్కనే దుఃఖపడుతున్నరు" అంది. భాష తెలియని ముసలామెకు అదెలా అర్థమైందో!

నా పని మారింది. ఐదేళ్లు డ్రిల్లు మిషన్ మీద చేశాక ఇప్పుడు టింబర్‌మన్ ఇచ్చారు. బొగ్గు తీసిన చోట ముందు నేను వెళ్లి ఇనుప రాడ్డుతో పైకప్పు కొట్టి చూస్తాను. గట్టిదైతే కంచులా ఖణేల్‌మంటుంది. లోపల పొర విడిచి ఉంటే డొల్లగా పలుకుతుంది. డొల్ల ఉన్న చోట దుంగలు నిలబెడతాం. చిన్నప్పటి నుంచి డోలు విన్న చెవి కాబట్టి నాకది తేలిక. "నువ్వు కొట్టి సరే అన్నంక నాకేం ఫికర్ అన్నా" అంటాడు నర్సింగం. ఆ మాట వింటే ఛాతీ పొంగుతుంది, అబద్ధమెందుకు.

ఇంకా పంపు.

నీవాడు,
కొమురెల్లి


బొంబాయి,
20 జనవరి 1988

ప్రియమైన కొమురెల్లీ,

మంచివి దొరక్క ఇన్నాళ్లు పంపలేదు. ఈసారి రెండు దొరికాయి. అక్కడ ఇప్పుడు డ్రమ్ములు మనుషులు కొట్టడం తగ్గిందట, యంత్రం కొడుతోంది. ఒక ముసలి వంటవాడు ఓడ దిగొచ్చి మొదటి క్యాసెట్ విని, ఇదేం పాట అని విసుక్కుని వెళ్లిపోయాడు. నాకు మాత్రం నచ్చింది. తాళాల చప్పుడు వానచినుకుల్లా సన్నగా పడుతుంటుంది, విను.

రెండోది నీకోసమే వచ్చిందనిపించింది. ఆ దీవిలో బాక్సైటు గనులున్నాయట. గనికి వెళ్లి తిరిగి రాని తండ్రి మీద కొడుకు పాడిన పాట. గొంతు దారంలా సన్నగా ఉంటుంది, ఎక్కడా ఏడవడు.

ఉంటాను మరి,
రహమతుల్లా


గోదావరిఖని,
9 మార్చి 1988

ప్రియమైన రహమత్,

నీ మీద ఫిర్యాదు. ఈసారి నకలు సరిగా రాలేదు. నువ్వు చెప్పిన వానచినుకులు ఒక్కటీ పడలేదు. 'చిక్' అనే గిటారు లేనేలేదు. ఆ కొడుకెవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పాడినట్టున్నాడు. బేస్ ఒక్కటే గుండెల్లో మోగుతోంది. పచ్చ క్యాసెట్ కూడా అరిగిపోయింది, దాంట్లోనూ బేసే మిగిలింది.

బాయిలోనూ చిరాగ్గా ఉంది. కొత్త చోటికి మారాం, కప్పంతా డొల్లగానే పలుకుతోంది. కంచు మోత విని ఎన్నాళ్లయిందో. అందుకే అడుగడుక్కీ దుంగలు పెట్టిస్తున్నాను. మా షిఫ్టు మీద అజమాయిషీ చేసే ఓవర్‌మన్ బిక్షం నిన్న అందరి ముందూ, "మంచి కప్పుకు గూడ దుంగలు పెడితె బొగ్గెప్పుడు తీస్తవయ్యా? భయం పట్టుకున్నదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నర్సింగం మాత్రం నవ్వలేదు.

క్యాసెట్ మళ్లీ పంపు.

కొమురెల్లి


బొంబాయి,
2 ఏప్రిల్ 1988

ప్రియమైన కొమురెల్లీ,

అసలు క్యాసెట్ పెట్టి విన్నాను, నకలు పెట్టి విన్నాను. తాళాలున్నాయి, గిటారు ఉంది. అనుమానం తీరక మా సేఠ్‌కు కూడా వినిపించాను. నీ టేప్ రికార్డర్ హెడ్ మురికి పట్టిందేమో, స్పిరిట్‌లో దూది ముంచి తుడువు. మళ్లీ నకలు తీసి పంపుతున్నాను. దాంతోపాటు ఈ నెలే దిగిన కొత్తది కూడా. దాని రెండో వైపు అంత మంచి గొంతు ఈమధ్య నేను వినలేదు.

జలుబు గానీ చేసిందా నీకు? చెవులు దిబ్బడేసినా అలాగే ఉంటుంది.

జాగ్రత్త,
రహమతుల్లా


గోదావరిఖని,
15 సెప్టెంబరు 1988

ప్రియమైన రహమత్,

హెడ్ తుడిచాను, అంతా బాగైంది. కొత్త క్యాసెట్ విషయంలో నీ మాటే నిజం. రెండో వైపు అతను పాడిన తీరుకు నర్సింగం, నేను కదలకుండా కూర్చున్నాం. మగవాడి గొంతంటే అలా ఉండాలి.

ఒక కోరిక. ఇకనుంచి ప్రతి పాట గురించీ వివరంగా రాయి. ఏ వాయిద్యం ఎప్పుడొస్తుంది, గొంతు ఎక్కడ లేస్తుంది, ఎక్కడ దిగుతుంది, అన్నీ. నీ రాత ముందు పెట్టుకుని వింటే ఇంకా బాగుంటోంది.

బిక్షంతో గొడవ తీరిపోయింది. రాడ్డు మోతను నమ్మడం మానేసి, కప్పుకు అరచెయ్యి ఆనించి చూస్తున్నాను. పగుళ్లుంటే కళ్లకు కనబడతాయి కదా. దుంగలు తగ్గించాను, బొగ్గు పెరిగింది, బిక్షం ఖుషీ. సారలమ్మకే ఈమధ్య ఎందుకో కోపం ఎక్కువైంది. నోట్లో గొణుగుతుంది, ఏమిటని అడిగితే అరుస్తుంది.

నీ ఉత్తరం కోసం చూస్తూ,
కొమురెల్లి


బొంబాయి,
10 నవంబరు 1988

ప్రియమైన కొమురెల్లీ,

రెండో వైపు పాడింది ఆడమనిషి.

దుకాణం పని మీద వేరే ఊరు వెళ్లి తిరిగొచ్చేసరికి నీ ఉత్తరం నాకోసం ఎదురుచూస్తోంది. నాలుగుసార్లు చదివాను. నీకు వినపడటం లేదు కదూ? ఐదేళ్లు డ్రిల్లు మిషన్ చెవి పక్కన పెట్టుకున్నావు. సన్నటి శబ్దాలు ముందు పోతాయని, లావువి చివరిదాకా ఉంటాయని ఇక్కడ చెవుల డాక్టర్ని అడిగి తెలుసుకున్నాను. కప్పంతా డొల్లగా పలుకుతోందని రాశావు. అది కప్పు కాదు.

పాటలు పోతే పోయాయి. కప్పును చేత్తో తడిమి చూస్తున్నానన్న నీ వాక్యం చదివాక నాకు అన్నం సయించలేదు. అన్‌ఫిట్ చేసి బాయి పని మాన్పిస్తారనే కదా నీ భయం? మాన్పించనీ. రేపే దవాఖానకు వెళ్లు. కనీసం నర్సింగానికి చెప్పు. నువ్వు వెళ్లానని రాసేదాకా ఒక్క క్యాసెట్ కూడా పంపను.

నీ మేలు కోరే,
రహమత్


గోదావరిఖని,
19 ఫిబ్రవరి 1989

ప్రియమైన రహమత్,

నీ ఉత్తరం నవంబరు పద్దెనిమిదిన అందింది. చదివి, మడిచి, పెట్టె అడుగున దాచాను. ఇరవై రెండున నర్సింగం చనిపోయాడు.

ఆ నాలుగు రోజుల్లో నేను దవాఖాన ముందు నుంచి నాలుగుసార్లు డ్యూటీకి వెళ్లాను. భయం కంటే పొగరే ఎక్కువ. పదిమంది ప్రాణాలు నా చెవి మీద నడుస్తాయన్న గొప్పను వదులుకోలేకపోయాను. బేస్ అందుతోంది కాబట్టి పాట వింటున్నానని నన్ను నేనే నమ్మించుకున్నాను.

మొదటి షిఫ్టు. పేలుళ్ల పొగ పోయాక నేనే ముందు వెళ్లి కప్పు కొట్టాను, చెయ్యి ఆనించాను. పగులు కనబడలేదు. "సరే" అన్నాను. నర్సింగం దుంగ భుజాన వేసుకుని నన్ను దాటి లోపలికి నడిచాడు. కప్పు దిగేముందు చిటపటలాడుతుంది. నా వెనక బొగ్గు ఎత్తుతున్న నలుగురూ ఆ చప్పుడు విని, "ఉరుకుండ్రి, ఉరుకుండ్రి" అని అరిచారట. నర్సింగం కూడా విన్నాడు. ఆగి, వెనక్కి తిరిగి, నా ముఖం చూశాడు. నేను రాడ్డు పట్టుకుని నిమ్మళంగా నిలబడి ఉన్నాను. అతని పెదవులు కదిలాయి, "ఏందన్నా" అన్నట్టు. నేను కదిలి ఉంటే అతనూ ఉరికేవాడు. నా నిబ్బరం చూసి నిలబడ్డాడు. కప్పు అతని మీదే దిగింది.

విచారణలో అబద్ధం చెప్పాను. "డొల్ల పలికింది, పోకు అని చెప్పిన, ఇనలేదు" అన్నాను. అదే కాగితం మీదికి ఎక్కింది. ఆ నలుగురూ నన్ను చూసి తల దించుకున్నారు. మాట వినక చచ్చాడన్న పేరు బస్తీ అంతా పాకింది.

లస్మవ్వ రోజూ పొద్దున వచ్చి మా గడపలో నిలబడేది. ఏదో అడిగేది. ఓదార్పు కోరుతోందనుకుని తల ఊపేవాణ్ణి. ఆమె వెళ్లిపోయేది. పది రోజుల కిందట సారలమ్మ నా చెవిలో నోరు పెట్టి అరిచింది. "ఆమె ఏమడుగుతున్నదో నీకు ఎరుకేనా? 'చెప్తె ఇనకపాయెనా కొమురెల్లీ నా కొడుకు? ఎన్నడు నీ మాట దాటనోడు, నిజంగ ఇనకపాయెనా?' అంటున్నది. నువ్వు అవునని తలకాయ ఊపుతున్నవ్."

రహమత్, రెండున్నర నెలలు నేను ఆ తల్లి ముందు తల ఊపాను.

ఆ పూటే మేనేజర్ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పి సంతకం పెట్టాను. డాక్టరు పరీక్ష చేసి, రెండు చెవుల్లోనూ సన్నటి శబ్దం ఒక్కటీ మిగల్లేదని రాశాడు. బాయి నుంచి తీసేశారు. మళ్లీ విచారణ జరుగుతుందట. ఏ శిక్ష వేసినా కాదనను.

సంతకం పెట్టిన రోజే ఆఫీసు నుంచి నేరుగా లస్మవ్వ ఇంటికి వెళ్లాను. సారలమ్మ వెంట వచ్చింది. ముసలామె బియ్యం ఏరుతోంది. కింద కూర్చుని, నాకు చేతనైనంత గట్టిగా చెప్పాను. "అవ్వా, నీ కొడుకు ఇన్నడు. ఇననిది నేను. నాకు చెవులు ఇనవడయి. నేనే సరే అన్న, నా మాట నమ్మే పోయిండు."

ఆమె చేట పక్కన పెట్టింది. తర్వాత మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. కళ్లు నా ముఖం మీంచి తీయలేదు. ఒకసారి చెయ్యి పైకెత్తి మళ్లీ దించేసింది. నేను ఆ పెదవుల వంకే చూస్తూ కూర్చున్నాను. తిట్టిందో, శపించిందో, ఇంకేమన్నదో ఒక్క ముక్క నాకు చేరలేదు. ఈసారి తల మాత్రం ఊపలేదు.

ఇంటికొస్తూ సారలమ్మను అడిగాను, "ఏమన్నది?" అని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నాకంటే ముందు నడిచిపోయింది. వారం దాటింది, ఇంతవరకూ చెప్పలేదు. రెండోసారి అడిగే ధైర్యం నాకు లేదు.

కొమురెల్లి