వెనక్కి తిరిగిన బాణం

నాన్నా,

ఇవాళ నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక నీ కంప్యూటర్ తెరిచి, నువ్వాడిన చెస్ ప్రోగ్రామ్ చూశాను. తెరమీద గళ్ల పక్కన, వెనక్కి తిరిగిన బాణం బొమ్మ ఉంది. దాన్ని నొక్కితే వేసిన ఎత్తు రద్దయి, కాయ పాత గడిలోకి వెళ్లిపోతుంది.

"మీ నాన్న పొద్దస్తమానం దాన్నే నొక్కేవాడే. ఓడిపోతున్నప్పుడల్లా నొక్కి మళ్లీ ఆడేవాడు," అంది అమ్మ నవ్వుతూ.

నాకు ఒళ్లు మండింది. పదకొండేళ్లప్పుడు చీరాల పోటీలో నేను పొరపాటున మంత్రిని ముట్టుకున్నాను. ఎదుటి పిల్ల "పర్లేదు, వేరేది ఆడు" అంది. నువ్వే జనంలోంచి లేచి, "ముట్టుకున్నావుగా, అదే కదుపు!" అని అరిచావు. ఓడిపోయాను. ఇంటికి తిరిగొస్తూ నరసరావుపేట దాకా బస్సులో నా పక్కన కూర్చోలేదు నువ్వు. ఆ తర్వాత నేను చదరంగం ముట్టలేదు, నువ్వూ రమ్మనలేదు.

నీమీద నీకున్న జాలిలో పిసరంత నాకు పెడితే ఏం పోయేది?

"వచ్చే ఏడు తద్దినానికి నేను రానమ్మా," అన్నాను.

"ఎందుకే?"

బస్సు సంగతితో సహా మొత్తం చెప్పాను. ఇన్నేళ్లలో అమ్మకి అదే మొదటిసారి తెలియడం. అంతా విని, "రాకులే," అంది.